ఎఫ్10ని మింగుతున్నది ఎవరు?

ప్రశ్న: ఉబుంటులో గ్నోమ్ టెర్మినల్ వాడుతున్నాను. టెర్మినల్‌లో ఫైళ్లు చూసుకునే మిడ్‌నైట్ కమాండర్ నుంచి బయటికి రావడానికి ఎఫ్10 నొక్కితే టెర్మినల్ మెనూ తెరుచుకుంటోంది. ప్రిఫరెన్సెస్‌లో షార్ట్‌కట్లన్నీ ఆపేసినా అదే తంతు. పైగా కాపీ, పేస్ట్ కూడా పోయాయి.

జవాబు: మీరు తీసిన టిక్కు వేరు, తీయాల్సిన టిక్కు వేరు. షార్ట్‌కట్స్ పేజీ పైన ఉండే ‘ఎనేబుల్ షార్ట్‌కట్స్’ తన కింది పట్టికలో ఉన్నవాటినే ఆపుతుంది. కాపీకి కంట్రోల్+షిఫ్ట్+సి, పేస్టుకు కంట్రోల్+షిఫ్ట్+వి ఆ పట్టికలోవే కాబట్టి పోయాయి. మెనూ తెరిచే ఎఫ్10 అందులో లేనే లేదు. ముందు ఆ టిక్కు మళ్లీ పెట్టేయండి.

తర్వాత జనరల్ పేజీకి వెళ్లండి. అక్కడ ‘ఎనేబుల్ ద మెనూ యాక్సిలరేటర్ కీ’ అనే వరుసలోనే ఎఫ్10 పేరు కనిపిస్తుంది. ఆ టిక్కు తీస్తే ఎఫ్10 నేరుగా మిడ్‌నైట్ కమాండర్‌కి చేరుతుంది. దాని దగ్గరే ఉన్న, ఆల్ట్‌తో మెనూలు తెరిచే ‘ఎనేబుల్ నెమోనిక్స్’ టిక్కు కూడా తీసేయడం మంచిది. మీ కమాండ్లు తీసుకునే షెల్ అయిన బ్యాష్‌లో ఆల్ట్+ఎఫ్ ఒక పదం ముందుకు, ఆల్ట్+బి ఒక పదం వెనక్కి జరుపుతాయి. మెనూ బార్ కనిపిస్తున్నప్పుడు ఈ టిక్కు ఉంటే ఆల్ట్+ఎఫ్ ఫైల్ మెనూ పాలవుతుంది.

ఇక పట్టికలో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా తీయండి, అన్నింటినీ ఒకేసారి ఆపొద్దు. హెల్ప్ తెరిచే ఎఫ్1 మిడ్‌నైట్ కమాండర్‌కీ, నడుస్తున్న ప్రోగ్రాములను చూపే హెచ్‌టాప్‌కీ కావాలి. ట్యాబ్‌లు మార్చే కంట్రోల్+పేజ్ అప్, కంట్రోల్+పేజ్ డౌన్ టెక్స్ట్ ఎడిటర్ విమ్‌లోనూ అదే పని చేస్తాయి. ఆల్ట్+1 నుంచి ఆల్ట్+9 వరకు ఇర్సీ వాడేవాళ్లకు చాట్ విండోలు మార్చుకోవడానికి కావాలి. తీయాల్సిన షార్ట్‌కట్ వరుస మీద క్లిక్ చేసి, కొత్త కీ అడిగినప్పుడు బ్యాక్‌స్పేస్ నొక్కితే అది ఖాళీ అవుతుంది. ఎస్కేప్ నొక్కితే మాత్రం పాతదే ఉండిపోతుంది. చాలామంది పొరబడేది ఇక్కడే.

ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే మరో డెస్క్‌టాప్ టెర్మినల్‌కి మారితే ఒకటి గుర్తుంచుకోండి. అక్కడ ఇందాకటి ఎఫ్10, నెమోనిక్స్ సెట్టింగులు ‘డిసేబుల్’ అన్న మాటతో మొదలవుతాయి. అంటే టిక్కు తీయడం కాదు, పెట్టాలి.

మీది కాని కంప్యూటర్‌లో సెట్టింగులు ముట్టుకోవద్దు. ఎస్కేప్ నొక్కి వదిలి 0 నొక్కితే మిడ్‌నైట్ కమాండర్ దాన్ని ఎఫ్10గానే తీసుకుంటుంది.

ప్రశ్న: తెలుగు టైపింగ్ కోసం ఎఫ్‌సీఐటీఎక్స్ 5 పెట్టుకున్నాక టెర్మినల్‌లో నా ఎడిటర్ ఈమ్యాక్స్ మార్క్ (ఎంపిక మొదలయ్యే చోటుకు గుర్తు) పెట్టడం మానేసింది. తప్పు టెర్మినల్‌దేనా?

జవాబు: కాదు. మీరు నొక్కిన కీ ప్రోగ్రామ్‌కి చేరేలోపు డెస్క్‌టాప్, ఇన్‌పుట్ మెథడ్ (మీ ఎఫ్‌సీఐటీఎక్స్ ఇదే), టెర్మినల్ విండో, కెర్నెల్‌లో టెర్మినల్ పనులు చూసే టీటీవై వరుసగా దాన్ని చూస్తాయి. వీటిలో ఏది తన పనికి వాడుకున్నా తర్వాతివాటికి అందదు. ఎఫ్‌సీఐటీఎక్స్ భాష మార్చడానికి మొదటి నుంచీ కంట్రోల్+స్పేస్‌నే వాడుతుంది. ఈమ్యాక్స్‌లో మార్క్ పెట్టేదీ అదే.

రుజువు కావాలంటే టెర్మినల్‌లో క్యాట్ అన్న కమాండ్ ఒక్కటే ఇచ్చి, ఆ కీలు నొక్కండి. టోపీ గుర్తు, దాని పక్కన ఈమెయిల్‌లో వాడే ‘ఎట్’ గుర్తు కనిపిస్తే కీ చేరినట్టే. ఏమీ రాకపోతే మధ్యలో ఎవరో పట్టుకున్నారన్నమాట. కంట్రోల్+సి కొట్టి బయటికి రండి. ఎఫ్10 లాంటి కీలకూ ఈ పరీక్షే పనికొస్తుంది.

ఎఫ్‌సీఐటీఎక్స్ కాన్ఫిగరేషన్‌లో గ్లోబల్ ఆప్షన్స్ తెరిచి, ట్రిగ్గర్ ఇన్‌పుట్ మెథడ్ దగ్గర కంట్రోల్+స్పేస్ తీసేసి వేరే జత ఇవ్వండి. గ్నోమ్‌లో సూపర్+స్పేస్ ఇప్పటికే భాష మార్చడానికి వాడుకలో ఉంది, దాని జోలికి వెళ్లకండి. కంట్రోల్+షిఫ్ట్+స్పేస్ మేలు. మామూలు టెర్మినల్ దానికీ కంట్రోల్+స్పేస్‌కీ తేడా చెప్పలేదు కాబట్టి, అక్కడి ప్రోగ్రాములు దానికంటూ వేరే పని పెట్టుకోవడం అరుదు.

ప్రశ్న: అలవాటుగా కంట్రోల్+ఎస్ కొడితే టెర్మినల్ బిగుసుకుపోతుంది. ఏ సెట్టింగ్‌లో వెతికినా కనిపించలేదు.

జవాబు: కనిపించదు. ఇది విండో పని కాదు, టీటీవై పని. టెలిప్రింటర్ల కాలం నుంచి కంట్రోల్+ఎస్ అంటే ‘ఆగు’, కంట్రోల్+క్యూ అంటే ‘కానివ్వు’. బిగుసుకున్న టెర్మినల్‌ని మూసేయకండి, కంట్రోల్+క్యూ నొక్కండి. ఈలోగా మీరు కొట్టినవన్నీ ఒక్కసారిగా అమలవుతాయి, కాబట్టి ఆ మధ్యలో ఎంటర్ మాత్రం కొట్టొద్దు.

దీన్ని ఆపాలంటే ఎస్‌టీటీవై కమాండ్ రాసి, ఒక ఖాళీ వదిలి, హైఫన్ పెట్టి దానికి ఆనించి ఐ, ఎక్స్, ఓ, ఎన్ అక్షరాలు కలిపి కొట్టండి. అన్నీ చిన్న అక్షరాలే. ఇక్కడ హైఫన్ అంటే ‘ఆపు’ అని అర్థం. హైఫన్ లేకుండా కొడితే మళ్లీ మొదలవుతుంది. ఇదే వరుసను హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే బ్యాష్ఆర్‌సీ ఫైల్‌లో చేర్చితే ప్రతి కొత్త టెర్మినల్‌కీ వర్తిస్తుంది. ఉబుంటు ఇచ్చే ఆ ఫైల్ మొదట్లో, షెల్ ముందు మనిషి లేకపోతే అక్కడితో ఆగిపొమ్మనే నాలుగు వరుసలు ఉంటాయి. మీ వరుస వాటి కిందే ఉండాలి. పైన పెడితే వేరే కంప్యూటర్ నుంచి ఎస్‌సీపీ కమాండ్‌తో ఇక్కడికి ఫైళ్లు పంపేటప్పుడు ఎస్‌టీటీవై ఎర్రర్ చూపిస్తుంది.

దీనివల్ల ఒక లాభం కూడా ఉంది. బ్యాష్‌లో కంట్రోల్+ఆర్‌తో పాత కమాండ్లలో వెనక్కి వెతుకుతూ దాటిపోతే, కంట్రోల్+ఎస్‌తో ముందుకు రావచ్చు. ఇన్నాళ్లూ అది మీకు అందకుండా పోయింది.

ప్రశ్న: ఒకే టెర్మినల్‌ని పలు విండోలుగా నడిపే టీమక్స్‌లో ఉన్నప్పుడు బ్యాష్‌కి కంట్రోల్+బి పంపేదెలా?

జవాబు: వెంటవెంటనే రెండుసార్లు నొక్కండి. మొదటిది తన కమాండ్లకు ముందు కీగా టీమక్స్ తీసుకుంటుంది, రెండోది లోపలికి పోతుంది.