గోడకు కొట్టిన ఐదు క్లిప్పులే మీ కేసు

సందేహం: మా గేటు పక్కన వీధి దీపం స్తంభం ఉంది. రెండేళ్ల తొమ్మిది నెలల కిందట విద్యుత్ సంస్థ మనుషులు దానికి ఒక పెట్టె బిగించారు. చుట్టుపక్కల స్మార్ట్ మీటర్ల రీడింగులు అందుకునే పెట్టె అట. అడిగితే మునిసిపాలిటీ అనుమతి ఉందన్నారు. కేబులును మా కాంపౌండు గోడ మీదుగా ఐదు క్లిప్పులు కొట్టి తీసుకెళ్లారు. అప్పట్నుంచి మా అమ్మగారికి నిద్ర లేదు, బిల్లూ పెరిగింది. ఓటు వేయలేదని మా కౌన్సిలరు కక్షగట్టి చేయించిన పని ఇది. ఆఫీసుల చుట్టూ తిరిగి కాళ్లరిగాయి. ఆ రోజు ఇంట్లో ఉన్న మా అబ్బాయి చేత వాళ్ల ఫోనులో ఏదో సంతకం కూడా పెట్టించుకున్నారు. తెలిసిన ఎలక్ట్రీషియన్ పది నిమిషాల్లో వైరు పీకేస్తానంటున్నాడు. పీకించవచ్చా? మునిసిపాలిటీ ఇచ్చిన అనుమతిని కోర్టులో కొట్టేయించవచ్చా? (ఉత్తరాన్ని కుదించాం.)

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలుంటే మూడున్నర పేజీలు కౌన్సిలరు గురించే రాశారు. వాటిని పక్కన పెట్టాను. కక్ష రుజువైనా పెట్టె కదలదు. మీ కేసంతా మీరు మధ్యలో ఎక్కడో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన ఆ గోడ దగ్గరే ఉంది.

ముందు స్తంభం సంగతి. వీధి దీపం వెలుగుతోంది కాబట్టి స్తంభం మునిసిపాలిటీదే అనుకున్నారు. మన ఊళ్లలో చాలాచోట్ల విద్యుత్ సంస్థ వేసుకున్న స్తంభానికే మునిసిపాలిటీ దీపం తగిలిస్తుంది. మీ స్తంభం మీదినుంచి ఇళ్లకు సర్వీసు వైర్లు వెళుతున్నాయేమో తలెత్తి చూడండి. వెళుతుంటే అది దాదాపుగా విద్యుత్ సంస్థదే. అప్పుడు మునిసిపాలిటీ అనుమతిని కొట్టేయించి మీరు సాధించేదేమీ లేదు, వాళ్ల స్తంభానికి వాళ్లే పెట్టె పెట్టుకున్నట్టు. స్తంభం మునిసిపాలిటీదే అయినా మీ పని తేలిక కాదు. రోడ్డు మీ సొంతం కాదు. వీధుల్లో తన పరికరాలు పెట్టుకునే అధికారం విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 67 లైసెన్సీకి, అంటే విద్యుత్ సంస్థకు, ఇచ్చింది. పైగా 2018లో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి చేసిన సవరణ ప్రకారం విద్యుత్ పంపిణీ వంటి మౌలిక వసతుల ప్రాజెక్టులకు అడ్డుపడే ఇంజంక్షన్, అంటే పనిని ఆపే ఉత్తర్వు, కోర్టు ఇవ్వకూడదు. ‘పెట్టె తీసేయించండి’ అంటూ దావా వేస్తే వాళ్ల వకీలు మొదట చదివేది ఆ సవరణే.

గోడ సంగతి వేరు. ఒకరి కట్టడాన్నో స్థలాన్నో ఆనుకుని పని చేయాలంటే ఓనరు గానీ, అందులో ఉంటున్నవారు గానీ ముందుగా సమ్మతించాలని 2006 నాటి వర్క్స్ ఆఫ్ లైసెన్సీస్ రూల్స్, మూడో రూలు చెబుతోంది. వారు అభ్యంతరం చెబితే జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు, లేదా పోలీసు కమిషనరు రాతపూర్వక అనుమతి కావాలి. పని అయిపోయిన తర్వాత కూడా తగిన కారణం చూపిస్తే దాన్ని తీసేయమనో మార్చమనో ఆదేశించే అధికారం అదే రూలు ఆ అధికారికి ఇచ్చింది. మీకు దారి ఇదే. దీనికి వాళ్లు చెప్పగల పెద్ద సమాధానం ఒక్కటే, విద్యుత్ చట్టం సెక్షన్ 164 కింద ప్రభుత్వం తమకు టెలిగ్రాఫ్ అధికారాలు (టెలిగ్రాఫ్ లైన్లు వేసేవారికి ఉండే అధికారాలు) ఇచ్చిందని. అలాంటి ఉత్తర్వు ఉంటే సమ్మతి లేదన్న వాదన నిలబడదు, నష్టపరిహారమే మిగులుతుంది. ఉందో లేదో ముందే తెలుసుకోవాలి.

ఇప్పుడు మిమ్మల్ని నాలుగు మాటలు అనక తప్పదు. ఫోను తెర మీద ఏముందో చదవకుండా అబ్బాయి వేలితో గీసి ఇచ్చాడు. వాడు ఆ ఇంట్లోనే ఉంటున్నాడు, మేజరు. ఆ గీతే రేపు ‘ఉంటున్నవారి సమ్మతి’గా కోర్టులో ప్రింటై వస్తుంది. అప్పుడైనా ఒక్క కాగితం రాసి ‘ఈ సమ్మతి నాది కాదు’ అని రిజిస్టర్డ్ పోస్టులో పంపారా? లేదు. ఆఫీసుల చుట్టూ తిరిగారు. తిరిగినదానికి రసీదు ఉండదండీ. ఏ తేదీన ఏ ఆఫీసులో ఎవరిని కలిశారో మీ ఉత్తరంలో కూడా లేదు.

కాలపరిమితి మీద ఆశలు పెట్టుకోవద్దు. గోడ మీదినుంచి కేబులు తీయించాలని దావా వేయాల్సి వస్తే మూడేళ్లే గడువని అవతలివాళ్లు వాదిస్తారు. రోజూ కొనసాగుతున్న తప్పు కాబట్టి రోజూ కొత్త గడువు వస్తుందని మీకు ఎవరైనా చెప్పి ఉండవచ్చు. ఒక్కసారి జరిగి ముగిసిన పని ఫలితం మాత్రమే మిగిలి ఉంటే అది కొనసాగే తప్పు కాదని సుప్రీంకోర్టు 1959లోనే తేల్చింది. క్లిప్పులు కొట్టడం ఒక్కరోజు పని. కాబట్టి మీ దగ్గర మూడు నెలలే ఉన్నాయనుకుని నడవండి. మునిసిపాలిటీని ప్రతివాదిగా చేర్చాలంటే ముందస్తు నోటీసు కావాలి. చట్టం తప్పనిసరి చేసిన నోటీసు కాలాన్ని లిమిటేషన్ చట్టం సెక్షన్ 15 మినహాయిస్తుంది గానీ, దాన్ని నమ్ముకుని ఆలస్యం చేయకండి.

ఎలక్ట్రీషియన్ సంగతి. ఆ మనిషిని ఈరోజే వద్దనండి. లైసెన్సీ పరికరాన్ని కావాలని పాడుచేస్తే విద్యుత్ చట్టం సెక్షన్ 138 కింద మూడేళ్ల వరకు జైలు. ఆ తొందరలో వీధి దీపం ఆరిపోతే సెక్షన్ 141 కింద జరిమానా వేరే. ప్రజా ఆస్తుల విధ్వంస నివారణ చట్టం 1984 కూడా తగిలిస్తే, విద్యుత్ సరఫరా ఆస్తికి ఆరు నెలలకు తక్కువ కాని కఠిన కారాగారం. పది నిమిషాల పనికి మీరు ఫిర్యాదుదారు స్థానంలోంచి ముద్దాయి స్థానంలోకి వెళతారు. అతనికి కరెంటు షాకు కొడితే ఆ బాధ్యతా మీ మెడకే చుట్టుకుంటుంది. పెట్టెకు రేకు చుట్టడం, వైరు మెలిపెట్టి వదిలేయడం లాంటి తెలివితేటలు కూడా వద్దు.

బిల్లు పెరగడానికీ ఆ పెట్టెకూ ముడి పెట్టకండి. అది రీడింగులు పోగు చేస్తుంది, బిల్లు మీ ఇంటి మీటరు నుంచే వస్తుంది. మీటరు మీద అనుమానముంటే విడిగా ఫిర్యాదు చేయండి. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2024లో వచ్చిన సవరణ ప్రకారం ఐదు రోజుల్లో అదనపు మీటరు పెట్టి, కనీసం మూడు నెలలు పోల్చి చూడాలి. అమ్మగారి నిద్ర విషయంలో డాక్టరుకు చూపించండి. పిటిషన్లో మాత్రం రాయకండి, ఉన్న మంచి పాయింటు కూడా పలచబడుతుంది.

చేయాల్సిన పని ఇదీ. ఇంటి దస్తావేజు, మంజూరైన ప్లాను తీసి టేపుతో గోడ కొలవండి. మన వాళ్లకు గోడ కట్టేటప్పుడు రోడ్డు మీదికి అడుగు జరిపే అలవాటుంది. మీరూ జరిపి ఉంటే ఈ పిటిషన్ వేయవద్దు, కేబులు కన్నా ముందు గోడ పోతుంది. గోడ మీ హద్దులోనే ఉంటే ఒక్కో క్లిప్పునూ దగ్గరగా, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. తీసిన ఫోనును అమ్మేయకండి, ఫొటోల లాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కోర్టులో భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. సమాచార హక్కు దరఖాస్తులు విడివిడిగా వేయండి. స్తంభం ఎవరిది, అనుమతి కాపీ ఏదీ అని మునిసిపాలిటీని అడగండి. అబ్బాయి సంతకం పెట్టిన ఫారం, 164 ఉత్తర్వు విద్యుత్ సంస్థను అడగండి. ఒకే దరఖాస్తులో అన్నీ గుదిగుచ్చితే వాణిజ్య రహస్యమని ఒకదాన్ని ఆపి, దాని పేరుతో మిగతావీ ఆపుతారు. జవాబుకు గడువు 30 రోజులు. దానికోసం కూర్చోకుండా ఈ వారమే విద్యుత్ సంస్థకు రాతపూర్వక అభ్యంతరం పంపి, ఆ వెంటనే కలెక్టరుకు మూడో రూలు కింద దరఖాస్తు పెట్టండి. కలెక్టరేటులో సోమవారం తీసుకునే ప్రజల అర్జీల్లో కలపకండి. అర్జీ అయితే తిరిగి తిరిగి మీరు విసిగిపోయిన ఆ విద్యుత్ సంస్థ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) టేబుల్ మీదికే విచారణకు వస్తుంది. పైన ‘రూల్ 3 కింద దరఖాస్తు’ అని శీర్షిక పెట్టి, ఇన్‌వార్డు నంబరు వేయించుకోండి. పెట్టె తీసేయమని అడగవద్దు. కేబులును గోడ దించి మరో దారిన తీసుకెళ్లమని మాత్రమే అడగండి, అధికారి ఒప్పుకోగలిగేది అదే.

అబ్బాయి ఫోనులో ఆ రోజు తేదీతో విద్యుత్ సంస్థ నుంచి ఎస్సెమ్మెస్ ఏదైనా ఉందేమో వెతికించండి. ఉంటే దాన్ని చెరిపేయకుండా స్క్రీన్‌షాట్‌తో పాటు నాకు పంపండి. అతను దేనికి సంతకం పెట్టాడో అందులో రాసి ఉండవచ్చు.