187 గ్రాముల ఇనుప ప్లేటు

తమ్ముడూ, నీ మెయిల్ రెండుసార్లు చదివాను. డిప్లొమా మెకానికల్ ఆఖరి సంవత్సరం, మీది అనకాపల్లి వైపు. హైదరాబాద్ బాలానగర్‌లో ఒక చిన్న డిజైన్ ఆఫీసుకి ఇంటర్వ్యూకి వెళ్లావు. 200 × 100 × 10 ఎంఎం ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్) ప్లేటు, ఎడమ అంచు నుంచి 150 దగ్గర, వెడల్పుకి సరిగ్గా మధ్యలో 40 ఎంఎం వ్యాసం ఉన్న హోలు, ఇలా ఉన్న డ్రాయింగ్ చేతికిచ్చి, సాలిడ్‌వర్క్స్ అనే త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేసి బరువెంతో, ఎడమ అంచు నుంచి సీజీ (గరిమనాభి) ఎక్కడుందో రాయమన్నారు. పది నిమిషాల్లో గీసేసి బరువు 187.43 గ్రాములు, సీజీ మైనస్ 3.35 అని రాసిచ్చావు. ఇంటర్వ్యూ చేసినాయన చిన్నగా నవ్వి "కబురు చేస్తాం" అన్నాడు. ఇప్పుడు నువ్వు అడిగేది ఏంటంటే 45 వేలు కట్టి కాటియా అనే ఇంకో డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలా, లేక బావ చెప్పినట్టు మెకానికల్ వదిలేసి సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరాలా అని.

ముందు ఆ 187 సంగతి చూద్దాం, మిగతాది తర్వాత.

నీ మోడల్‌లో తప్పేం లేదు. ఘనపరిమాణం లెక్క సరిగ్గానే వచ్చింది. కానీ అది ఏ లోహమో సాఫ్ట్‌వేర్‌కి చెప్పలేదు, అంటే నువ్వు మెటీరియల్ ఇవ్వలేదు. మెటీరియల్ ఇవ్వకపోతే సాలిడ్‌వర్క్స్ మామూలుగా సాంద్రత 1000 కేజీ పర్ మీటర్ క్యూబ్ అనుకుంటుంది, అంటే నీళ్ల సాంద్రత. నువ్వు ఇంటర్వ్యూలో రాసిచ్చింది ప్లేటు ఆకారంలో ఉన్న నీళ్ల బరువన్నమాట. ఎమ్మెస్ సాంద్రత 7850, అంటే సీసీకి 7.85 గ్రాములు. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి సెంటీమీటర్లలో వేసి చూడు. 20 × 10 × 1 అంటే 200 సీసీ, అందులోంచి హోలు 3.1416 × 2 × 2 × 1, అంటే 12.57 తీసేస్తే 187.43, దాన్ని 7.85తో గుణిస్తే 1471 గ్రాములు. కిలోన్నరకి కాస్త తక్కువ.

నీ చేతిలో ఉన్న ఫోన్ బరువు కూడా ఇంచుమించు 187 గ్రాములే ఉంటుంది. సెంటీమీటర్ మందమున్న జానెడు ఇనుప ముక్క ఫోనంత తేలిగ్గా ఉంటుందా? ఆయన నవ్వింది అందుకే. మెటీరియల్ ఇవ్వడం మర్చిపోవడం పెద్ద నేరం కాదు, రోజూ పనిచేసేవాళ్లూ మర్చిపోతారు, కానీ 187 అన్న అంకె స్క్రీన్ మీద కనపడగానే "ఇదేంటి, ఇంత తక్కువా" అని చెయ్యి ఆగాలి, నీకు ఆగలేదు.

సీజీ దగ్గర జరిగింది వేరే. స్కూల్లో గరిమనాభి అని చదువుకున్నాం కదా, అదే. మైనస్ 3.35 అంకె తప్పు కాదు, నువ్వు స్కెచ్‌ని ప్లేటు మధ్య నుంచి మొదలుపెట్టావు కాబట్టి ఆరిజిన్ (కొలతలు మొదలయ్యే సున్నా బిందువు) మధ్యలో ఉంది, హోలు కుడివైపు ఉంది కాబట్టి సీజీ ఎడమకి 3.35 జరిగింది. వాళ్లు అడిగింది ఎడమ అంచు నుంచి, అంటే 96.65 రాయాలి. సాఫ్ట్‌వేర్ ఆరిజిన్ నుంచే కొలుస్తుంది, నువ్వు ఆరిజిన్ ఎక్కడ పెట్టావో దానికి అనవసరం. అడిగిన అంచు దగ్గర కొత్త కోఆర్డినేట్ సిస్టమ్, అంటే ఇంకో సున్నా బిందువు పెట్టి, బరువూ సీజీ చూపించే మాస్ ప్రాపర్టీస్‌లో దాన్ని ఎంచుకుంటే అయిపోయేది. సర్టిఫికేషన్ పరీక్షల్లో, అంటే సాలిడ్‌వర్క్స్ వాళ్ల సీఎస్‌డబ్ల్యూఏ లాంటి వాటిలో, పార్టు గీసి బరువు గ్రాముల్లో చెప్పమనడం, అసెంబ్లీలో ఫలానా కోఆర్డినేట్ సిస్టమ్ నుంచి సీజీ చెప్పమనడం మామూలే.

ఇంకొకటి గమనించావా? సాంద్రత తప్పు పడినా నీ సీజీ మారలేదు. పార్టు మొత్తం ఒకే మెటీరియల్ అయితే మారదు. నాలుగు రకాల మెటీరియల్స్ కలిసిన అసెంబ్లీకి వచ్చేసరికి మాత్రం కొంప ముంచుతుంది.

నాకు మునిగింది కూడా. ఈ సలహాల పనిలోకి రాకముందు నేను ఒక డిజైన్ ఆఫీసులో చేసేవాణ్ని. పంపు, మోటారు రెండూ ఒకే బేస్ ఫ్రేమ్ మీద కూర్చోబెట్టే పని. ఫ్రేముకి స్టీల్, పంపుకి క్యాస్ట్ ఐరన్ ఇచ్చాను, మోటారు మోడల్ మాత్రం సప్లయర్ పంపిందే పెట్టేశాను, దానికి మెటీరియల్ లేదు. నేమ్‌ప్లేటు మీద 320 కిలోలు, మా మోడల్‌లో 70. దాంతో సీజీ పంపు వైపు జరిగినట్టు చూపించింది, ఆ లెక్క నమ్మి క్రేన్ కొక్కేలు తగిలించే లిఫ్టింగ్ లగ్గులు పెట్టించాను. షాపులో క్రేన్ ఎత్తగానే మోటారు వైపు ఒక్కసారిగా కిందకి వంగి, పక్కనున్న స్టాండుకి గుద్దుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. లగ్గులు కోసి మళ్లీ వెల్డింగ్ చేయించారు, నాలుగు రోజులు నేను ఎవరి మొహమూ చూడలేకపోయాను. అప్పట్నుంచి బయట నుంచి వచ్చిన ఏ మోడల్‌కైనా క్యాటలాగులో బరువు చూసి, ఆ అంకెని ఓవర్‌రైడ్‌లో, అంటే సాఫ్ట్‌వేర్ లెక్క బదులు, చేత్తో వేస్తాను.

ఇవి చిన్న షాపుల్లో జరిగే పొరపాట్లే అనుకోకు. స్పెయిన్ నేవీ కట్టిస్తున్న ఎస్-80 జలాంతర్గామి బరువు ఎక్కువైందని 2013లో బయటపడింది. నీళ్లలోకి దిగితే పైకి తేలుతుందో లేదో అన్న పరిస్థితి. లెక్కలో డెసిమల్ పాయింట్ ఎవరో తప్పు చోట పెట్టారని వాళ్ల రక్షణ శాఖలో పనిచేసిన మాజీ అధికారి ఒకాయన అన్నాడు. చివరికి పొడవు పెంచి డిజైన్ మార్చాల్సి వచ్చింది, మొదటిది నేవీ చేతికి వచ్చేసరికి 2023.

సీజీ అంటే ఏంటో నీకు పుస్తకం అక్కర్లేదు కూడా. మీ వైపు చెరకు లోడుతో వెళ్లే ట్రాక్టర్ ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు గాల్లోకి లేవడం చూసే ఉంటావు. ఎడ్లబండిలో బరువంతా వెనక్కి వేస్తే కాడి లేచి ఎద్దు గొంతు పట్టేస్తుంది, ముందుకి వేస్తే మెడ మీద పడుతుంది, అందుకే బస్తాలు సర్దేవాడు ఇరుసు మీదకి చూసుకుని వేస్తాడు. ఆయనకి ఉన్న చూపు నీకు మౌస్ పట్టుకున్నప్పుడు రావాలి.

అందుకని రెండు నెలలు ఇలా చెయ్యి. ఫ్రీక్యాడ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేసుకో, పైసా కట్టక్కర్లేదు. అందులో కమాండ్లు టైపు చేసే పైథాన్ కన్సోల్ నుంచి వాల్యూమ్, సెంటర్ ఆఫ్ మాస్ (మన సీజీయే) రెండూ తీయొచ్చు, బరువు మాత్రం సాంద్రతతో నువ్వే గుణించుకో, నీకు ఇప్పుడు కావాల్సింది ఆ గుణకారమే. ఇంట్లో ఉన్న బోల్టు, తలుపు గడియ, సైకిల్ పెడల్ రాడ్డు, ఏదైనా వెర్నియర్‌తో కొలిచి మోడల్ చెయ్యి. బటన్ నొక్కకముందే బరువు ఊహించి కాగితం మీద రాయి. తర్వాత కిరాణా షాపులో డిజిటల్ కాటా మీద పెట్టి చూడు, షాపతను రెండు రోజులు నవ్వుతాడు, మూడో రోజు అలవాటైపోతుంది. స్టీలు గ్లాసుతో మొదలుపెట్టకు, అది మోసం చేస్తుంది. రేకు మందం 0.5 బదులు 0.6 అని కొలిస్తే బరువు దాదాపు 20 శాతం పెరిగిపోతుంది, పైగా అది స్టెయిన్‌లెస్, సాంద్రత 8కి దగ్గర. రాడ్డుతో మొదలుపెట్టు. సైటు మేస్త్రీలు డి స్క్వేర్ బై 162 (డి అంటే ఎంఎంలలో రాడ్డు వ్యాసం) అని నోటితో లెక్కేస్తారు చూడు, 12 ఎంఎం రాడ్డు మీటరుకి 0.89 కిలో, ఆ 162 ఎక్కణ్నుంచి వచ్చిందో ఒకసారి రాబట్టు. 7850 దాంట్లోనే దాక్కుని ఉంటుంది.

యూనిట్ల సంగతి కూడా చూసుకో. అంగుళాల్లో ఉన్న ఫైలుని ఎంఎం అనుకుని తెరిస్తే ఘనపరిమాణం 25.4 క్యూబ్, అంటే 16,387 రెట్లు తేడా కొడుతుంది. అంత పెద్ద తప్పు ఎవరికైనా కనపడుతుంది, భయం లేదు. చిన్న తప్పులే కనపడకుండా పోతాయి, అల్యూమినియం బదులు స్టీలు ఉండిపోవడం లాంటివి. ఫ్యూజన్ అనే ఇంకో డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా స్టీలే ముందు పెట్టి ఉంటుంది కాబట్టి అక్కడ నీకు జరిగిందానికి తిరగబడి జరుగుతుంది, తేలికది బరువుగా చూపిస్తుంది.

బావ మాట ఇప్పుడే పట్టించుకోకు. ఒక్క ఇంటర్వ్యూ పోయిందని బ్రాంచ్ మార్చేస్తే అక్కడా మొదటి ఇంటర్వ్యూ ఒకటి ఉంటుంది కదా. ఈసెట్ (డిప్లొమా తర్వాత ఇంజినీరింగ్‌లో చేరే ప్రవేశ పరీక్ష) రాసే ఉద్దేశం ఉంటే రాయి, సీజీ సెంట్రాయిడ్ చాప్టర్ ఎలాగూ మళ్లీ చదువుతావు. కాటియా చెడ్డదని కాదు, విమానాల వైపు, కార్ల వైపు వెళ్లాలంటే అది అవసరమే. కానీ దాంట్లోనూ మెటీరియల్ ఇవ్వకపోతే 1000 అనే లెక్కేస్తుంది, 45 వేలు కట్టి అదే 187 మళ్లీ రాసొస్తావు.

అయినా చేరాలనిపిస్తే డబ్బు కట్టకముందు డెమో క్లాసుకి వెళ్లు. అక్కడి ఫ్యాకల్టీని ఇదే ప్లేటు గీయమను, మెటీరియల్ ఇవ్వకుండానే మాస్ చూపించమను, ఆ తర్వాత "సార్, ఇది చేత్తో పట్టుకుంటే ఇంతే ఉంటుందా" అని అడుగు. ఆయన ఆగి, మెటీరియల్ చూసుకుని, నీకు కారణం చెబితే చేరొచ్చు. "సాఫ్ట్‌వేర్ అంతే చూపిస్తుంది బాబూ" అంటే మాత్రం టీ తాగి వచ్చెయ్.