డాక్టర్ల సంఘం ఎన్నికలో నామినేషన్ కొట్టేశారు, ఎక్కడికి వెళ్లాలి?

ప్రశ్న: కావలిలో క్లినిక్ నడుపుతున్నాను. మా డాక్టర్ల సంఘం ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరైంది. ఎన్నికకు 21 రోజుల ముందు నోటీసివ్వాలని బైలాలో (సంఘం నియమావళిలో) ఉంది. ఈసారి నాలుగు రోజుల ముందు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టి సరిపెట్టారు. అయినా అధ్యక్ష పదవికి నామినేషన్ వేశాను. చందా బకాయి ఉందని దాన్ని తిరస్కరించి, పాత ప్యానెల్‌నే ఏకగ్రీవమన్నారు. చందా నేను కోశాధికారికి ఫోన్‌పేలో ఎప్పుడో పంపాను. సొసైటీల రిజిస్ట్రార్‌కు ఫిర్యాదు చేస్తే ఎన్నిక రద్దవుతుందా? గొడవ చేస్తే సభ్యత్వం తీసేస్తామంటున్నారు. నా ప్రాక్టీసుకు ఇబ్బంది వస్తుందా?

జవాబు: డాక్టరు గారూ, ముందు ఆ చివరి టెన్షన్ వదిలేయండి. డాక్టరుగా మీ రిజిస్ట్రేషన్ ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌ది. అది 1968 చట్టంతో వచ్చిన సంస్థ. మీ సంఘమేమో సభ్యులు కలిసి పెట్టుకున్న సొసైటీ. అందులోంచి తీసేసినా మీ ప్రాక్టీసుకు ఏమీ కాదు. అయినా ఊరికే తీసేయలేరు. బైలా ప్రకారం నోటీసిచ్చి, మీ సంజాయిషీ విని తీరాలి.

రిజిస్ట్రార్ దగ్గర తేలుతుందని చాలామంది అనుకుంటారు, తేలదు. కొత్త కమిటీ జాబితా ఆయన ఫైలుకెక్కినంత మాత్రాన ఎన్నిక సక్రమమైనట్టు కాదు. ఎవరు గెలిచారో తేల్చే అధికారమూ ఆయనకు లేదు. మీరు చెప్పిన సొసైటీల చట్టం (2001) సెక్షన్ 23 ఈ తగాదాలకు రెండు దారులు చూపింది: ఒకటి ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు), రెండోది జిల్లా కోర్టు. అంటే నెల్లూరు జిల్లా కోర్టులో దరఖాస్తు వేయాలి. హైకోర్టులో రిట్ వేద్దామని ఎవరైనా అంటే తొందరపడకండి. ప్రైవేటు సొసైటీ ఎన్నిక మీద రిట్ మామూలుగా నిలవదు.

ఇక కేసులో పస ఎక్కడుందో చూద్దాం. నోటీసు గడువు తప్పడం పెద్ద లోపంలా కనిపిస్తుంది గానీ, మీరు నామినేషన్ వేయగలిగారు కాబట్టి ‘ఈయనకు నష్టమేం జరిగింది?’ అని అవతలి లాయరు అడుగుతాడు. అసలు బలం నామినేషన్ తిరస్కరణలో ఉంది. బకాయి ఉంటే పోటీకి అనర్హుడని బైలాలో రాసి ఉందా? ఏ తేదీ నాటి బకాయి? తిరస్కరణ కాగితం మీద ఇచ్చారా, నోటిమాటగా చెప్పారా? మీ వివరణ అడిగారా?

ఫోన్‌పే సంగతి జాగ్రత్త. డబ్బు కోశాధికారి సొంత నంబరుకు వెళ్లి ఉంటే, సంఘం ఖాతాకు చేరలేదంటారు. అందుకే గత ఏళ్లలోనూ చందా అదే నంబరుకు పంపి రసీదు తీసుకున్నారేమో వెతకండి. మీకే కాదు, మరో ఇద్దరు ముగ్గురు సభ్యులకూ అలాగే జరిగి ఉంటే మీ వాదన గట్టిపడుతుంది. ‘అందింది సార్’ అని కోశాధికారి పెట్టిన ఒక్క మెసేజ్ దొరికినా చాలా మేలు. ఆ ఫోన్ మార్చొద్దు, చాట్ చెరపొద్దు. స్క్రీన్‌షాట్ ప్రింటు కోర్టులో పెట్టాలంటే సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి.

దరఖాస్తుతో పాటే మధ్యంతర ఉత్తర్వులూ కోరండి. కేసు తేలేదాకా కొత్త కమిటీ పెద్ద ఖర్చులు చేయకుండా ఆపమనొచ్చు, అడ్వొకేట్ కమిషనర్ (కోర్టు నియమించే లాయరు) ఆధ్వర్యంలో మళ్లీ ఎన్నిక జరపమనీ అడగొచ్చు.

తోటి డాక్టర్ల మీద కోర్టుకెక్కడం మర్యాద కాదేమోనన్న సంకోచం మీకుంటే వదిలేయండి. రేపు ఏ ఆస్పత్రి మీదో దాడి జరిగితే, 2008 నాటి వైద్య సిబ్బంది రక్షణ చట్టం కింద కేసు కట్టమని పోలీసుల దగ్గర అడగాల్సింది ఈ అధ్యక్షుడే. ఆయన వెనుక సభ్యుల ఓటు లేకపోతే ఆ మాటకు బరువెక్కడిది? మీరు అడుగుతున్నది న్యాయమైనదే.

ఆలస్యం మాత్రం చేయకండి. నెలల తరబడి ఊరుకుంటే ఒప్పుకున్నట్టే అంటారు. ఈ వారమే ఎన్నికల అధికారికి, అధ్యక్షుడికి స్పీడ్ పోస్టులో అభ్యంతరం పంపి, అది అందినట్టు రుజువు దాచుకోండి. బైలాలో అప్పీలు గడువు, ఆర్బిట్రేషన్ క్లాజు ఉన్నాయేమో చూడండి. బైలా, కమిటీ జాబితాల సర్టిఫైడ్ కాపీలు జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఫీజు కట్టి తీసుకోవచ్చు.