కారు టైర్లు, చక్రాలు: పాఠకుల సందేహాలు, సమాధానాలు

ప్రశ్న: మాది 2019లో కొన్న స్విఫ్ట్ వీఎక్స్‌ఐ. కారుతో వచ్చిన 165/80 ఆర్14 టైర్లు అరిగిపోయాయి. ఇనుప చక్రాలు తీసేసి, 16 అంగుళాల అల్లాయ్ చక్రాలతో 195/55 టైర్లు వేయించుకోమని దుకాణంవారు చెబుతున్నారు. మా అబ్బాయికీ అదే ముచ్చట. ఐదుగురం సామానుతో తరచూ హైదరాబాద్ వెళ్లివస్తుంటాం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: టైర్లు ఎలాగూ మార్చక తప్పదు, చక్రాలు మార్చడం సరదాయే తప్ప అవసరం కాదు. రెండింటినీ ఒకే బేరంలో కలిపితే, డబ్బంతా చక్రాలకే పోయి టైర్ల దగ్గర చౌకరకంతో సరిపెట్టుకోవలసి వస్తుంది. తడిరోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు కారును ఆపేది రబ్బరే కాబట్టి, ముందు మంచి టైర్లకు లెక్క వేసుకుని, మిగిలితేనే చక్రాల సంగతి చూడండి.

మీ టైరు మీది అంకెల్లో 165 అన్నది మిల్లీమీటర్లలో వెడల్పు, 80 అన్నది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెప్పేది, 14 అన్నది అంగుళాలలో చక్రం వ్యాసం. ఆ లెక్కన పక్కగోడ 132 మి.మీ., మొత్తం టైరు వ్యాసం సుమారు 620 మి.మీ. అవుతాయి. దుకాణంవారు చెప్పిన 195/55 ఆర్16 వ్యాసం కూడా దాదాపు అంతే. కనుక స్పీడోమీటరు తప్పు చూపదు, కారు ఎత్తూ తగ్గదు. అంతవరకు వారి మాట నిజమే. కానీ పక్కగోడ 107 మి.మీ.కి దిగుతుంది, అంటే గుంత దెబ్బను ఓర్చుకునే రబ్బరు ఒక అంగుళం మేర పోతుంది. ఐదుగురి బరువుతో, డిక్కీ నిండా సామానుతో వేగంగా వెళుతున్న కారు గుంతలో పడితే టైరు పక్కన ఉబ్బు తేలడానికీ, చక్రం అంచు చిట్లడానికీ అవకాశం పెరుగుతుంది. కొద్దిగా వంగిన ఇనుప చక్రాన్ని సరిచేయించుకోవచ్చు. పగిలిన అల్లాయ్‌ని వెల్డింగు చేయించి మళ్లీ బిగించడం మాత్రం, ఎవరెంత హామీ ఇచ్చినా, నాకు సమ్మతం కాదు.

అల్లాయ్ కావాలనే మీ అబ్బాయి పట్టుబడితే 15 అంగుళాల దగ్గర ఆగండి. ఇదే కారు జెడ్‌ఎక్స్‌ఐ రకానికి కంపెనీయే 185/65 ఆర్15 టైర్లు ఇచ్చింది. పక్కగోడ 120 మి.మీ., మొత్తం వ్యాసం దాదాపు మునుపటిదే. చక్రం కొనేటప్పుడు నాలుగు నట్లకు 100 పీసీడీ (నట్ల రంధ్రాల మధ్యల గుండా గీసిన వృత్తం వ్యాసం, మిల్లీమీటర్లలో) ఉందో లేదో అందరూ చూస్తారు గాని, మధ్య రంధ్రం సంగతి అడగరు. ఆ రంధ్రం కూర్చునే ఇరుసు మధ్యభాగం, అంటే హబ్బు, స్విఫ్ట్‌కు 54.1 మి.మీ.; బయట దొరికే చక్రాలకు చాలావాటికి రంధ్రం అంతకన్నా పెద్దది. ఆ సందును పూడ్చే రింగు వేయకపోతే చక్రం సరిగ్గా నడిమధ్యన కూర్చోక, బ్యాలెన్సింగ్ చేయించినా వేగం పెరిగాక స్టీరింగు వణుకుతుంది. మార్చిన చక్రాల సంగతి బీమా కంపెనీకి కూడా తెలియజేయండి.

ఏ టైరు కొన్నా, పరిమాణం తర్వాత ఉండే అంకెను చూడండి. అది టైరు మోయగల బరువును తెలిపే సూచిక: 85 అంటే ఒక్కో టైరుకు 515 కిలోలు. కారుతో వచ్చిన టైరు కన్నా తక్కువ అంకె ఉన్నది ఎంత చౌకగా ఇచ్చినా వద్దు. అలాగే తయారీ తేదీ: చిన్న గడిలో 1825 అని ఉంటే 2025వ సంవత్సరం 18వ వారంలో తయారైందని అర్థం. ఈ గడి తరచూ ఒక పక్కనే ఉంటుంది, ఆ పక్క లోపలికి పోయేలా బిగించాక మీరు వంగి చూసినా కనపడదు. కనుక చక్రానికి ఎక్కించకముందే చదవండి. ఇంకొకటి, 2025 సెప్టెంబరు 22 నుంచి కారు టైర్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, బిల్లులో సరిచూసుకోండి.

ప్రశ్న: ప్రస్తుతానికి రెండు టైర్లే కొనగలం. మాది ముందు చక్రాలతో నడిచే కారు. కొత్తవి ముందు వేయించాలా, వెనకా?
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: వెనక వేయించండి. ముందు టైర్లే త్వరగా అరుగుతాయి కనుక కొత్తవి అక్కడే వేయాలని మెకానిక్కులు చాలామంది అంటారు, వినడానికి సబబుగానే ఉంటుంది. అయితే వాన నీటిలో ముందు చక్రాలు పట్టు తప్పితే కారు తిన్నగా జారుతుంది, యాక్సిలరేటరు మీద కాలు తీస్తే చాలావరకు అదుపులోకి వస్తుంది. వెనక చక్రాలు పట్టు తప్పితే మాత్రం కారు గిరుక్కున తిరిగిపోతుంది, దాన్ని సరిచేయడం అనుభవజ్ఞులకే కష్టం. ముందుకు మార్చే పాత టైర్ల గాడి లోతు చట్టం చెప్పిన 1.6 మి.మీ. దగ్గరకు వచ్చి ఉంటే, అప్పుచేసైనా నాలుగూ మార్చక తప్పదు. గాడి అడుగున ఉండే చిన్న దిమ్మెలతో పై రబ్బరు సమానమైందంటే ఆ హద్దు వచ్చేసినట్టే.

ప్రశ్న: నైట్రోజన్ నింపించాలా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఉచితంగా నింపితే వద్దనకండి. డబ్బు పెట్టవలసి వస్తే మామూలు గాలే చాలు, కాని డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద రాసిన ప్రెషర్ ప్రకారం, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, స్టెప్నీతో సహా నెలకోసారి సరిచూసుకోండి.