ముందు ‘అయినా’ అన్న మాట కొట్టేయమనండి

ప్రశ్న: మాది తెనాలి. మా అమ్మాయి బీకాం ఫైనలియర్. సినిమా చూసొచ్చి రాత్రి ఒంటిగంట దాకా రివ్యూ రాస్తూ కూర్చుంటుంది. ఆడవాళ్లు తీసిన సినిమా అయితే మరీనూ. వాళ్ల గురించి నలుగురికీ తెలిసేలా రాయడమే తన పని అంటోంది. ఇదీ ఒక ఉద్యోగమేనా? మాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి

జవాబు: ఉద్యోగమేనండీ. కాకపోతే ఒక్క రివ్యూల మీదే ఇల్లు గడవదు. సినిమా గురించి రాసేవాళ్లలో చాలామందికి జీతం వచ్చేది డెస్కులో వార్తలు దిద్దినందుకో, ఇంటర్వ్యూలు చేసినందుకో, సబ్‌టైటిల్స్ రాసినందుకో. శుక్రవారం రివ్యూ ఆ పనుల పక్కనే నడుస్తుంది. అందుకే డిగ్రీ మానేస్తానంటే మాత్రం ఒప్పుకోకండి.

పోయినేడాది ఒకమ్మాయి తన రివ్యూలు ప్రింటు తీయించి నా దగ్గరికి తెచ్చింది. మొదటి పేజీలోనే ‘లేడీ డైరెక్టర్ అయినా ఫైట్లు బాగా తీసింది’ అని ఉంది. పాపం, మెచ్చుకోవాలనే రాసింది. ‘లేడీ డైరెక్టర్ అయినా’ కొట్టేసి చదవమన్నాను. ‘ఫైట్లు బాగా తీసింది’ మిగిలింది. ఏ ఫైటు, కెమెరా ఎక్కడుంది, దెబ్బ పడ్డాక షాట్ ఎంతసేపు ఆగింది అని అడిగితే జవాబు లేదు. మళ్లీ థియేటర్‌కి వెళ్లొచ్చి నాలుగు పేరాలు రాసింది. వాటిలో ‘లేడీ’ అన్న మాట ఎక్కడా లేదు, డైరెక్టర్ పేరు మాత్రం మొదటి వాక్యంలోనే ఉంది.

మన దగ్గర ఆడవాళ్లు సినిమాలు తీయకపోలేదు. భానుమతి 1953లోనే ‘చండీరాణి’ని మూడు భాషల్లో తీశారు. 1968లో సావిత్రి ‘చిన్నారి పాపలు’ తీస్తే, ఇవాళ ఎవరినడిగినా దాంతో ఆవిడ నష్టపోయిన సంగతే చెబుతారు తప్ప సినిమా ఎలా ఉందో చెప్పరు. విజయనిర్మల 44 సినిమాలకు దర్శకత్వం వహించి గిన్నిస్ బుక్ దాకా వెళ్లారు. మీ అమ్మాయిని ఆవిడ మీద వచ్చిన పది వ్యాసాలు పోగేయమనండి. దర్శకత్వం గురించిన వాక్యాల కింద ఎర్రగీత, ఇల్లు, భర్త, కుటుంబం గురించిన వాటి కింద నీలంగీత పెట్టమనండి. ఏ రంగు ఎక్కువొస్తుందో చూశాక తను రాయాల్సింది ఏమిటో తనకే తెలుస్తుంది.

ఇంకో మాట. ‘నలుగురికీ తెలిసేలా రాయడం’ అంటే ప్రచారం కాదు. ప్రచారం పీఆర్వో పని. అదీ గౌరవమైన పనే, బహుశా డబ్బులు కూడా దాంట్లోనే ఎక్కువ. కానీ పొద్దున పీఆర్వోగా ఉండి సాయంత్రం రివ్యూ రాస్తానంటే కుదరదు. ప్రెస్‌మీట్‌లో డబ్బులు పెట్టిన ‘కవర్’ చేతికొస్తే ఏం చేయాలో ఇంట్లోనే ముందుగా అనుకోండి. ఆడవాళ్లు తీశారు కదా అని బాగోలేని సినిమాకి మూడున్నర స్టార్లు ఇస్తే, రేపు నిజంగా బాగున్న సినిమాకి ఇచ్చినా ఎవరూ నమ్మరు.

చదువు సంగతి. హైదరాబాద్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్ పీజీ ఉంది. ఇఫ్లూలో, అంటే హైదరాబాద్‌లోనే ఉన్న ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీలో సినిమాను పాఠంగా చదవొచ్చు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఫిల్మ్ అప్రీసియేషన్ (సినిమాను అర్థం చేసుకుంటూ చూడటం) మీద తక్కువ రోజుల కోర్సులు పెడుతుంటుంది. పత్రికలు నడిపే జర్నలిజం స్కూళ్లలో శిక్షణప్పుడే ఎంతో కొంత భృతి ఇస్తారు, నా ఓటు ముందు దానికే. ఇంగ్లిష్‌లో కూడా రాయడం అలవాటైతే పని దొరికే చోట్లు పెరుగుతాయి.

దీని తర్వాత ఏమిటి అంటారా? బి.జయ గారు సినిమా జర్నలిస్టుగా పనిచేసి, తర్వాత డైరెక్టరయ్యారు. ‘చంటిగాడు’ 2003లో వచ్చింది, 2012లో ‘లవ్లీ’. అందరికీ అలా జరుగుతుందని నేననను, దారి మాత్రం ఉంది.

ఈ ఆదివారం ‘మీనా’ చూడమనండి. యద్దనపూడి నవల ఆధారంగా విజయనిర్మల 1973లో తీసిన సినిమా. నవల మీ ఇంట్లో ఏ అలమరాలోనో ఉండే ఉంటుంది, వాళ్లమ్మగారిని అడగండి. నవల్లో ఉండి సినిమాలో లేనిదేమిటో, సినిమాలో సాగదీసిందేమిటో రెండు పేజీలు రాసి నాకు పంపమనండి. రాత్రి పదింటిలోపే రాయమనండి.