కోచ్‌ని మార్చాలా వద్దా: బాక్సింగ్ చేస్తున్న అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి తల్లికి,

పెదనాన్న ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. "ఇక్కడ మానేసి ఆ కొత్త జిమ్‌లో చేరిపోనా పెదనాన్నా" అన్నావు. వెనకనుంచి మీ నాన్న "ఆరేళ్లు నేర్పినాయన్ని వదిలేస్తే గురుద్రోహం" అంటున్నాడు. ఇద్దరి గొంతుల్లోనూ బాధే వినిపించింది. రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను.

స్టేట్ మీట్‌లో ఓడిపోయి నీకింకా పది రోజులు కాలేదు. ఆ వేడి మీద మాత్రం ఏ నిర్ణయమూ తీసుకోకు. నేను తీసుకున్నాను కాబట్టి చెబుతున్నాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు, అరవై కిలోల విభాగం. జిల్లా ఫైనల్లో ఓడిపోయాను. మా మాస్టారి దగ్గర రింగ్ ఉండేది కాదు. సిమెంటు నేల మీద సుద్దతో గీసిన చదరం, ఇసుకా పాత గుడ్డలూ కుక్కిన ఒకే ఒక్క బ్యాగు. అందుకే ఓడిపోయానని నమ్మేశాను. వారం తిరక్కుండా వేరే ఊళ్లో పెద్ద జిమ్‌కి వెళ్లిపోయాను. మాస్టారికి ఒక్క మాటైనా చెప్పలేదు.

నేను ఓడిపోయిన అసలు కారణం వేరే. జాబ్, అంటే ముందు చేత్తో సూటిగా ఇచ్చే గుద్దు, కొట్టాక నా ఎడమ చెయ్యి చెంప దగ్గరికి తిరిగి వచ్చేది కాదు, ఛాతీ దగ్గరే ఆగిపోయేది. మాస్టారు నా గుద్దులు కాచుకోవడానికి రెండు చేతులకీ ప్యాడ్లు తొడుక్కుని పట్టినప్పుడు, ఆ చెయ్యి దిగిన ప్రతిసారీ తన కుడి ప్యాడ్‌తో నా ఎడమ చెంప మీద మెల్లగా తట్టి "ఈ చెంప ఎవరిదిరా?" అనేవారు. ఒక సాయంత్రం లెక్కపెట్టాను. మూడు నిమిషాల రౌండ్‌లో పదకొండు సార్లు తట్టారు. నాకు విసుగొచ్చింది. ఫైనల్లో నన్ను పడేసిన దెబ్బ సరిగ్గా ఆ ఖాళీలోంచే వచ్చింది. కొత్త జిమ్‌లో ఆరు నెలలు ఉన్నాను. నిజమైన రింగ్ ఉంది, ఎనిమిది బ్యాగులు ఉన్నాయి. ఆ చెయ్యి గురించి మాత్రం ఒక్కరంటే ఒక్కరు మాట్లాడలేదు.

అందుకని నువ్వు ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే. మీ సార్ నిన్ను చూస్తున్నారా? హాల్లో ఉన్నారా అని కాదు, నిన్ను చూస్తున్నారా అని. ఒక కాగితం తీసుకుని, పోయిన నెల రోజుల్లో ఆయన నీలో సరిదిద్దినవన్నీ రాయి. "గట్టిగా కొట్టు", "వేగం పెంచు" లాంటివి లెక్కలోకి రావు. అవి ఎవరికైనా చెప్పొచ్చు. నీ వెనక కాలి మడమ, నీ గడ్డం, నీ ఊపిరి, వీటి గురించి ఏం చెప్పారో రాయి. ఆ తర్వాత ఓడిన బౌట్ వీడియో పెట్టుకుని చూడు. నువ్వు తిన్న దెబ్బలు ఆ కాగితంలో ఉన్న తప్పుల వల్లే వచ్చాయా? అలాగైతే కోచ్ తన పని చేశాడు, మిగిలిన పని నీది. కాగితం ఖాళీగా ఉంటే మాత్రం ఆలోచించాల్సిందే.

కాగితం ఖాళీ అయినంత మాత్రాన తప్పు ఆయనదే అనుకోకు. ఒక్క మనిషి నలభై మంది పిల్లల్ని చూస్తున్నారు. బ్యాచ్ అయ్యాక ఒక రోజు వెళ్లి "సార్, వారానికి రెండు రోజులు నాకు విడిగా పదిహేను నిమిషాలు ప్యాడ్లు పట్టగలరా?" అని అడుగు. ఆరేళ్లలో నువ్వు ఆయన్ని ఏమీ అడిగి ఉండవు, నాకు తెలుసు. మన ఇళ్లలో ఆడపిల్లల్ని అడగకుండా ఉండేలాగే పెంచుతాం. అడిగి నెల రోజులు చూడు.

నువ్వు చెప్పినవాటిలో నాకు బలంగా అనిపించిన కారణం ఒకటుంది. మీ దగ్గర నీ యాభై కిలోల్లో ఇంకో అమ్మాయి లేదు. ఒకరోజు పన్నెండేళ్ల పిల్లలతో, ఇంకోరోజు అరవై అయిదు కిలోల కుర్రాడితో స్పారింగ్, అదే ప్రాక్టీసు పోరు, చేస్తున్నావు. చిన్నపిల్లలతో అయితే నువ్వు చెయ్యి ఆపుకుంటావు, పెద్దవాడితో అయితే వెనక్కి వెనక్కి పోతావు. పోటీలో ఆ రెండూ పనికిరావు. నీ బరువుకి, నీ అనుభవానికి సరిపోయే జోడీ లేకపోతే ఎంత గొప్ప కోచ్ అయినా ఒక చోట ఆగిపోతాడు. దీనికి జిమ్ మారడమే దారి కానక్కర్లేదు. శనివారాలు ఇంకోచోటికి స్పారింగ్‌కి తీసుకెళ్లమని సార్‌నే అడగొచ్చు. ఆయన కుదరదంటే, అప్పుడు అది మారడానికి సరైన కారణం.

గురుద్రోహం మాటకి వద్దాం. మీ నాన్నకి ఈ పేరా చదివి వినిపించు. నిఖత్ జరీన్ నిజామాబాద్‌లో నాన్న చెయ్యి పట్టుకుని మొదలుపెట్టింది. 2009లో మన విశాఖలోని సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రానికి వచ్చి, ద్రోణాచార్య అవార్డు అందుకున్న ఐ. వెంకటేశ్వరరావు గారి దగ్గర చేరింది. రెండేళ్లకే టర్కీలో జరిగిన జూనియర్, యూత్ ప్రపంచ పోటీల్లో స్వర్ణం గెలిచింది. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల్లో, 2023లో ఢిల్లీలో 50 కిలోల్లో ప్రపంచ విజేత అయింది. విశాఖకి వచ్చినందుకు నిజామాబాద్‌ని వదిలేసిందని ఎవరైనా అన్నారా? ఇవాళ్టికీ ఆ ఊరి పేరు లేకుండా ఆమె కథ ఎవరూ చెప్పరు. నేను కోచింగ్ ఇస్తున్న రోజుల్లో ఒక ఎడమచేతి వాటం కుర్రాణ్ని నేనే వేరే కోచ్ దగ్గరికి పంపాను. నా దగ్గర అందరూ కుడిచేతి వాటం వాళ్లే, వాడికి ఇంకేం నేర్పాలో నాకు తెలియలేదు. ఆ సాయంత్రం బాధపడ్డాను. వాడు గెలిచి ఫోన్ చేసినప్పుడు ఆ బాధ గుర్తు కూడా లేదు.

ఇక ఆ కొత్త జిమ్. ఏసీ, నేల నుంచి పైదాకా అద్దాలు, విదేశీ రింగ్ అన్నావు. ఎదుట ఎవరూ లేకుండా గాలిలో గుద్దులు విసిరే షాడో బాక్సింగ్‌కి అద్దాలు మంచివే. మిగతావి చూసి మోసపోకు. గ్లవ్స్ తీసుకెళ్లకుండా రెండు సాయంత్రాలు వెళ్లి మూల కూర్చో. స్పారింగ్ జరిగేటప్పుడు కోచ్ కళ్లు రింగ్ మీద ఉన్నాయా, ఫోన్ మీద ఉన్నాయా చూడు. ఎవరికి ఎవర్ని జోడీ కలుపుతున్నాడో చూడు. ఒకరికి గట్టి దెబ్బ తగిలినప్పుడు ఆపుతున్నాడా, "కమాన్, కమాన్" అని అరుస్తున్నాడా? అక్కడున్న అమ్మాయిలతో బయటికొచ్చాక మాట్లాడు. ఎవరైనా మానేశారా, ఎందుకు మానేశారు అని అడుగు. ఆ జిమ్ నుంచి జిల్లా, రాష్ట్ర పోటీలకి ఎంట్రీలు ఎవరు పంపుతారో కూడా అడుగు. బరువు తగ్గడానికి డబ్బులు కట్టి వచ్చేవాళ్లతో నడిచే జిమ్‌లకి పోటీల ధ్యాస ఉండకపోవచ్చు.

ఆ తర్వాత ఆ కోచ్‌కి నువ్వు ఓడిన బౌట్ వీడియో చూపించు. 1994లో లండన్‌లో హెవీవెయిట్ ప్రపంచ విజేత లెనాక్స్ లూయిస్‌ని ఆలివర్ మెకాల్ రెండో రౌండ్‌లోనే కుడిచేత్తో పడగొట్టాడు. ఆ రోజు మెకాల్ కార్నర్‌లో కోచ్‌గా ఉన్నది ఇమాన్యుయేల్ స్టీవర్డ్. లూయిస్ ఆ తర్వాత ఆ స్టీవర్డ్‌నే తన కోచ్‌గా పెట్టుకున్నాడు, 1997లో మెకాల్‌ని ఓడించాడు. తనలో లోపం ఎక్కడుందో చూసిన మనిషినే వెతుక్కున్నాడు. నీ వీడియో చూసి ఆ కోచ్ ఒకటో రెండో గట్టి విషయాలు చెబితే, ఆ మనిషికి కళ్లున్నాయని అర్థం. మొదటి రోజే "నీకు నేర్పిందంతా తప్పు, నిలబడే స్టాన్స్ నుంచి మొత్తం మార్చాలి" అంటే జాగ్రత్త పడు. పాత కోచ్‌ని తిట్టి కొత్త శిష్యుల్ని చేర్చుకునేవాళ్లని చాలామందిని చూశాను.

ఒకటి రెండు విషయాల్లో మాత్రం ఆలోచన, కాగితం, నెల గడువు ఏవీ వద్దు. నేను చేరిన ఆ పెద్ద జిమ్‌లో నన్ను డెబ్భై అయిదు కిలోలవాడితో స్పారింగ్‌కి దింపారు. కణతకి దెబ్బ తగిలింది. మూడు రోజులు తలనొప్పి, వెలుతురు చూడలేకపోయాను. నాలుగో రోజు అక్కడి కోచ్ "ఏం కాదు, గ్లవ్స్ వేసుకో" అన్నాడు. వేసుకున్నాను. ఆ తర్వాత ఎనిమిది నెలలు రింగ్ ఎక్కలేదు. తలకి తగిలిన దెబ్బ మానకముందే ఇంకో దెబ్బ తగిలితే ప్రాణం మీదికి వస్తుంది తల్లీ. తలనొప్పి, వాంతి, చూపు మసక, వీటిలో ఏది ఉన్నా డాక్టర్ సరేననేదాకా స్పారింగ్ లేదు. కాదనే కోచ్ ఎంతటివాడైనా ఆ రోజే బ్యాగు సర్దుకుని వచ్చెయ్. నీళ్లు మాన్పించి, మన వైజాగ్ ఉక్కపోతలో ప్లాస్టిక్ సూట్ వేయించి ఒక్కరాత్రిలో మూడు కిలోలు దించమన్నా అంతే. ఎవరైనా నీతో తేడాగా ప్రవర్తించినా, వేళ కాని వేళ మెసేజ్‌లు పెట్టినా, అవసరం లేకుండా ముట్టుకున్నా, ఆ రోజే మాకు చెప్పు. పతకం పోతుందనీ, నాన్న మాన్పించేస్తాడనీ దాచకు. నాన్నతో నేను మాట్లాడతాను.

మారడమే ఖాయమైతే, పోటీకి రెండు నెలల లోపు మాత్రం వద్దు. కొత్త కోచ్‌కి నీ అడుగులు అర్థం కావడానికే అంత టైమ్ పడుతుంది. ఉదయం ఒకచోట, సాయంత్రం ఇంకోచోట దొంగచాటుగా చేయకు. మూడో రౌండ్‌కి ముందు ఆ ఒక్క నిమిషంలో చెవిలో ఒకే గొంతు వినపడాలి.

మీ సార్‌కి ఈ సంగతి నీ నోటితో తెలియాలి. వాట్సాప్‌లో వద్దు. బ్యాచ్ మొదలవకముందు, పిల్లలు రాకముందు, నాన్నని తీసుకుని వెళ్లు. రెండేళ్లు ఫీజు తీసుకోకుండా నేర్పారని ఆయన ముందే చెప్పు, ఎందుకు వెళ్తున్నావో కూడా చెప్పు. ఆయన కోప్పడితే విను, ఎదురు చెప్పకు. నేను వెళ్లిపోయిన సంగతి మా మాస్టారికి టీ కొట్టు దగ్గర ఎవరో చెప్పారట. ఏడాది తర్వాత తిరిగి వెళ్లి నిలబడితే, ఏమీ అనకుండా ప్యాడ్లు తొడుక్కున్నారు. మొదటి జాబ్ కొట్టగానే ఎడమ చెంప మీద తట్టారు.

ఆదివారం మా ఇంటికి రా. బౌట్ వీడియో, ఆ కాగితం తెచ్చుకో. చేతి బ్యాండేజీలు కూడా తెచ్చుకో, డాబా మీద కాసేపు ప్యాడ్లు పడతాను. పెద్దమ్మ మధ్యాహ్నం భోజనానికి ఉండమంది.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న