పక్కింటాయన రైఫిల్‌లో ఊడిన డైమండ్ బిళ్ల మార్చాలా? ముందు వీసా సంగతి చూసుకో

చెక్కపని వచ్చని నోరుజారిన పాపానికి, పక్కింటి పెద్దాయన తన పాత వెదర్‌బీ రైఫిల్ పిడి చివర ఊడిపోయిన డైమండ్ బిళ్ల (నిజం వజ్రం కాదు, ఆ ఆకారంలో పొదిగిన చిన్న ముక్క) మార్చిపెట్టమన్నాడు, హెచ్‌1బీ మీద ఉన్నాను, చేయొచ్చా అని అడిగావు. చేయొచ్చు తమ్ముడూ. కానీ రైఫిల్‌ని మాత్రం నీ ఇంటికి తెచ్చుకోకు.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్‌1బీ, హెచ్‌4, ఎఫ్‌1 లాంటి తాత్కాలిక వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. రిపేరుకి ఇచ్చాడండీ అంటే వినరు. శిక్ష 15 ఏళ్ల దాకా పడొచ్చు, ఇక వీసా గతి వేరే చెప్పాలా! ఇక్కడి రాష్ట్రం ఏదైనా ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది, గ్రీన్‌కార్డు వాళ్లకు ఈ నిషేధమే లేదు. నీకు రెండూ లేవు కదా. అయితే ఆ చట్టం దృష్టిలో రైఫిల్ అంటే రిసీవర్, అంటే బోల్టు కూర్చునే ఇనుప భాగం. విప్పేసిన స్టాక్, అంటే చెక్క భాగం, వట్టి కర్రే. అందుకని పెద్దాయన్నే ఆయనింట్లో మరలు విప్పి, ఇనుమంతా తన సేఫ్‌లో పెట్టుకుని, ఖాళీ కర్ర నీ చేతికి ఇమ్మను. రాష్ట్రాల చట్టాలు వేరు, మీ రాష్ట్రంలో ఏముందో అదీ ఒకసారి చూసుకో.

పాత బిళ్ల దొరికితే కొత్తది చేయొద్దు, దాన్నే శుభ్రం చేసి అతికించు. రాయ్ వెదర్‌బీ 1945లో కాలిఫోర్నియాలో మొదలుపెట్టిన కంపెనీ అది, 1958లో వాళ్ల మార్క్ 5 రైఫిల్ వచ్చింది. నిగనిగలాడే వాల్‌నట్ కర్ర, చివర్లు రోజ్‌వుడ్, అందులో లేతరంగు డైమండ్, అదే వాటి గుర్తు. కాస్త ఆడంబరమే అనుకో, కానీ పాతవి సేకరించేవాళ్లు అసలు భాగాలు ఉన్నాయా లేదా అనే చూస్తారు.

బిళ్ల దొరకకపోతే మేపుల్ చెక్క చాలు. పాత ఏనుగు దంతం ముక్క ఎవరైనా అమ్ముతామంటే పోవద్దు, ఆఫ్రికా ఏనుగు దంతాన్ని రాష్ట్రాలు దాటించి అమ్మడం మీద 2016 జులై నుంచి దాదాపు పూర్తి నిషేధం ఉంది, కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి చోట్ల సొంత చట్టాలూ ఉన్నాయి. అమ్మావాళ్లు వస్తున్నారు కదా, ఓ ఎర్రచందనం ముక్క తెప్పిస్తాననే ఆలోచన కూడా వద్దు. అది సైటీస్ (అరుదైన జంతువులు, మొక్కల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) కింద ఉన్న చెక్క, పర్మిట్ లేకుండా సూట్‌కేసులో పెట్టిస్తే ఎయిర్‌పోర్టులో ఇరుక్కునేది వాళ్లే.

ఇక పని. బిళ్ల కూర్చునే గుంటలో మిగిలిన పాత జిగురు తీసేటప్పుడు ఉలిని అంచు నుంచి లోపలికి తోస్తే చుట్టూ చెక్క పెచ్చు లేస్తుంది, మధ్యలో మొదలుపెట్టి అంచు దాకా వచ్చి ఆగు. జిగురు ఎపాక్సీ అయితే కొంచెం వేడి తగిలిస్తే మెత్తబడుతుంది, కానీ పక్కన ఉన్న పాలిష్ కూడా పొంగుతుంది, జాగ్రత్త. కొత్త బిళ్లని గుంట కన్నా వెంట్రుకంత పెద్దగా కోసి, అడుగు అంచుల్ని లోపలికి ఏటవాలుగా రుద్దు, అప్పుడు నొక్కేకొద్దీ బిగుస్తుంది. ఎక్కడ తగులుతోందో తెలియకపోతే అడుగున లిప్‌స్టిక్ పూసి ఒకసారి పెట్టి తియ్యి, రంగు అంటిన చోట మాత్రమే గీకు. తుపాకీ పనివాళ్లు చాలామంది చేసేది ఇదే, మీ ఆవిడ లిప్‌స్టిక్ మాత్రం అడిగే తీసుకో. బిళ్ల మందం కొంచెం ఎక్కువే ఉంచు, పిడి చివర వంపుగా ఉంటే తర్వాత దాన్ని బట్టి అరగదీయాలి. ఎపాక్సీలో కాస్త రోజ్‌వుడ్ పొడి కలిపితే సన్నటి సందులు కనిపించవు.

ఒక రోజంతా ఆరనిచ్చి, చుట్టూ టేప్ అంటించి, చెక్కముక్కకి గరుకు కాగితం చుట్టి నెమ్మదిగా సమం చెయ్యి. మాస్క్ పెట్టుకో, రోజ్‌వుడ్ పొడి చాలామందికి ఎలర్జీ.

కూలి ఇవ్వబోతే తీసుకోకు. హెచ్‌1బీ మీద స్పాన్సర్ చేసిన కంపెనీ పని తప్ప బయట పని చేసి సంపాదించకూడదు. మరలు తిరిగి బిగించేది కూడా పెద్దాయనే, ఆయన ఇంట్లోనే.